ఎర్రమెట్ట బంగళా గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. కంబళి అని కొందరంటారు, రగ్గు అని ఇంకొందరు. ఈమధ్య పట్నం వాళ్లు బ్లాంకెట్ అనడం కూడా విన్నాను. ఏ పేరుతో పిలిచినా పలకలేను కనుక ఎవరితోనూ పేచీ లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పుకోవాలి. రగ్గు దుకాణంలో పుడుతుంది. నేను గొర్రె వీపు మీద పుట్టాను. ఎండా వానా నాకు అక్కడే అలవాటయ్యాయి.

పాలమూరు వైపు ఒక కురుమ ఊళ్లో మల్లవ్వ అనే ముసలమ్మ నా ఉన్నిని వడికింది. ఆమె మొగుడు బీరయ్య గుంట మగ్గం మీద నన్ను నేశాడు. నేస్తున్నంతసేపూ ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. పోగు లావైందని ఆయన, చెయ్యి వణుకుతోందని ఆమె. మగ్గం మీంచి దించాక మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయారు. చింతగింజలు వేయించి, నానబెట్టి, నూరి, చిక్కటి గంజి కాచారు. దాన్ని నాకు దట్టంగా పట్టించి, కుంచెతో రుద్ది ఎండలో ఆరేశారు. ఆరేసరికి నేను అట్టలా బిగుసుకున్నాను.

"ఇగ వానదేవుడే దిగొచ్చినా లోపటికి రానియ్యదు," అన్నాడు బీరయ్య మురిసిపోతూ. మల్లవ్వ నన్ను కొనడానికొచ్చిన వాడికి ఒక జాగ్రత్త చెప్పింది. "బిడ్డా, దీన్ని సబ్బుతోని ఉతకకు. గంజి పోయిందంటే గిది గొంగడి గాదు, వట్టి గుడ్డ."

ఆ మాట విన్నవాడు కొమురయ్య. గొర్రెల కాపరి. నన్ను తల మీద నుంచి వీపు మీదికి ముసుగులా వేసుకుని కుండపోత వానలో నిలబడేవాడు. కింద అతని చొక్కా పొడిగా ఉండేది. పొలాల్లో మంద పెట్టిన రోజుల్లో నన్ను పరుచుకుని, నన్నే కప్పుకుని పడుకునేవాడు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని నాలో చుట్టి గుండెకు ఆనించుకునేవాడు. మనుషుల్లో దేవుడికి దగ్గరగా ఉండేవాళ్లు కొందరుంటారు, వాళ్లకు ఆ సంగతి తెలియదు. కొమురయ్య అలాంటి వాడు. తాగినప్పుడు తప్ప.

ఒక వానాకాలం హైవే పక్క టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు చలిజ్వరంతో గడగడలాడుతూ కూర్చున్నాడు. అనకాపల్లి వాడు, పేరు అప్పన్న. కొమురయ్య ఏమీ అడక్కుండా నన్ను తీసి అతని మీద కప్పాడు. లారీ బయల్దేరే వేళకు అప్పన్న నన్ను తిరిగి ఇవ్వబోతే, "చలిజ్వరం వచ్చినోని మీద కప్పినంక మల్ల గుంజుకుంటరా?" అని వెళ్లిపోయాడు. అంత మంచితనంలో సబ్బు మాట చెప్పడం మర్చిపోయాడు.

జ్వరం తగ్గాక అప్పన్న నన్ను సీటు మీద పరిచి నా మీద కూర్చున్నాడు. ప్రాణం నిలబెట్టిన వస్తువును పిరుదుల కింద వేసుకోవడం మనుషులకే చెల్లింది. అలా కొన్నాళ్లు దేశమంతా తిరిగాను. ఒకసారి మన్యంలో కాఫీ గింజలు ఎత్తడానికి వెళ్తే ఎర్రమెట్ట కింద లారీ ఆగిపోయింది. ఆ కొండమీద పాత ఫారెస్టు బంగళా ఉంది. దాని కాపలాదారు కొర్రా లచ్చన్న అప్పన్నను పైకి తీసుకెళ్లి, అన్నం పెట్టి పడుకోబెట్టాడు. అప్పన్న వెళ్తూ వెళ్తూ నన్ను అక్కడ వదిలేశాడు. మర్చిపోయాడో, ఇచ్చేశాడో నాకు తెలియదు. నేను బంగళా గొంగడినయ్యాను.

ఆ బంగళాను వెనకటి కాలంలో ఒక తెల్లదొర కట్టించాడు. రాతి గోడలు, టేకు పలకల నేల, హాల్లో మనిషి దూరేంత పొయ్యి. గోడకు పటం కట్టిన ఫోటో ఒకటి ఉంది. అందులో దొర కుర్చీ డోలీలో కూర్చుని ఉంటాడు. నలుగురు కొండవాళ్లు ఆ డోలీని మోస్తూ ఉంటారు. దొర ఒళ్లో ఒక కుక్క. ఫోటో కింద దొర పేరు ఉంది, కుక్క పేరూ ఉంది. మోసిన నలుగురి పేర్లకు చోటు సరిపోలేదు కాబోలు. వచ్చిన వాళ్లందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు.

కొన్నేళ్లుగా పట్నం వాళ్లు ఆ కొండ ఎక్కడానికి వస్తున్నారు. దీన్ని ట్రెక్కింగ్ అంటారు. మొదటి రోజు కాఫీ తోటల్లోంచి బంగళా దాకా ఎక్కడం, మర్నాడు శిఖరానికి వెళ్లి రావడం, ఆ తర్వాత రెండో వైపు నుంచి దిగిపోవడం. రోడ్డు లేక నడిచే వాళ్ల కొండకు, ఇంటి ముందు రోడ్డున్న వాళ్లు నడవడానికని రావడం లచ్చన్నకు మొదట్లో అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా గైడు అయ్యాడు. నన్ను మడిచి భుజాన వేసుకుని ముందు నడిచేవాడు. నా మీద పడ్డ వాన జారి అతని కాళ్ల దగ్గర బొట్లు బొట్లుగా రాలేది.

సువర్చల, జగన్నాథం వచ్చింది కార్తీక మాసంలో. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని తక్కిన వాళ్లంతా మానుకున్నారు. వీళ్లిద్దరే వచ్చారు. జగన్నాథం హైదరాబాదులో నీళ్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసి ఆ మధ్యే రిటైరయ్యాడు. మనిషి అతి శుభ్రం. కూర్చునే ముందు కుర్చీ తుడుస్తాడు, లేచాక చేతులు తుడుచుకుంటాడు. ఈ ప్రయాణం ఆయనకు ఇష్టం లేదు. ఎవరి ఫోన్లోనో బంగళా ఫోటో చూసి పట్టుబట్టింది సువర్చలే. ఉద్యోగమంతా ఊళ్లు తిరిగి ఒక్కసారైనా తనను తీసుకెళ్లలేదని సాధించి సాధించి బయల్దేరదీసింది. వాన కబురు విని ఆయన వెనక్కి తగ్గబోతే, "మీకు ఎప్పుడూ ఏదో ఒకటి," అని ముఖం ముడుచుకుంది. ఆయన వెళ్లి కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు.

చేరిన సాయంత్రం బాగా చలిగా ఉంది. లచ్చన్న భార్య దాలమ్మ నన్ను తెచ్చి జగన్నాథం కాళ్ల మీద కప్పింది. ఆయన నన్ను ముక్కు దాకా లాక్కుని, వెంటనే దూరంగా నెట్టి నవ్వాడు. "అమ్మా దాలమ్మా, ఇందులో గొర్రె ఇంకా బతికే ఉన్నట్టుందే!" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. సువర్చల కూడా నవ్వింది. ఆయన ఆ రాత్రి నన్నే కప్పుకుని గురక పెట్టి నిద్రపోయాడు. నిద్ర పట్టనిది దాలమ్మకే. "ఇంత దూరం వచ్చిన బాబుగోరు కంపు కొడతందన్నారు. సిగ్గుతో సచ్చిపోనాను," అని తెల్లారి లచ్చన్నతో అంది.

మర్నాడంతా ముసురు. అందరూ పొయ్యి చుట్టూ చేరారు. లచ్చన్న కట్టెలు తేవడానికి వెళ్లినప్పుడు దాలమ్మ నీళ్లు సలసలా కాచి, కొత్త సబ్బు పొడి పొట్లం విప్పి నన్ను అందులో ముంచింది. రాయి మీద వేసి బాదింది. మళ్లీ ముంచింది. బీరయ్య పట్టించిన గంజి తెల్లటి చారలుగా కాలవలోకి పోతుంటే నేను చూస్తూ ఉన్నాను. పాపం, ఆమె ఎంత శ్రద్ధగా ఉతికిందో! పొయ్యి దగ్గర ఆరేసి, పొగ పట్టకుండా మాటిమాటికీ తిరగేసింది. సాయంత్రానికి నేను దూదిలా మెత్తబడ్డాను. జగన్నాథం నన్ను ముట్టుకుని, "అబ్బ, ఇప్పుడు కదా!" అన్నాడు. దాలమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో అందరూ సంతోషించారు, నేను తప్ప.

ఆ మర్నాడు పొద్దున్నే ఎండ పొడిచింది. లచ్చన్న ఆకాశం కేసి చూసి, "మద్దేన్నం లోగా ఎనక్కొచ్చీయాల బాబూ. మద్దిలో గెడ్డ ఉంది. వానొస్తే పొంగీస్తాది," అన్నాడు. గెడ్డ అంటే ఆ వైపు కొండవాగు. బంగళాకూ శిఖరానికీ నడుమ అడ్డంగా పారుతుంది. వెళ్లేటప్పుడు మోకాలి లోతు కూడా లేదు. సువర్చల చెప్పులు చేత పట్టుకుని చిన్నపిల్లలా గెంతుతూ దాటింది. శిఖరం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అటుకులు తిన్నారు. జగన్నాథం కింద మబ్బుల్ని చూస్తూ, "నువ్వు సాధించకపోతే ఇది చూడకుండా పోయేవాణ్ణి," అన్నాడు. ఆమెకు అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది.

దిగుతుండగా వాన అందుకుంది. ఉరుమూ మెరుపూ లేవు. మబ్బే కిందికి దిగి కురిసినట్టు కురిసింది. పొద్దున ఎండ చూసి లచ్చన్న నన్ను ప్లాస్టిక్ సంచీలో పెట్టి తెచ్చాడు, ఆ పరుగులో బయటికి తీసే వ్యవధి లేకపోయింది. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి అది ఎర్రగా, సుళ్లు తిరుగుతూ, మానుల్ని మోసుకుపోతోంది. లచ్చన్న ఇద్దర్నీ ఒక పెద్ద బండ కింద నిలబెట్టాడు. "నీరు దిగీదాకా ఇక్కడే. ఎవులూ కదలొద్దు," అన్నాడు.

వాళ్లు నిజంగానే కదలలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. వాన కొంచెం తెరిపిచ్చింది. జగన్నాథం తన కొత్త బూట్ల కేసి చూసుకున్నాడు. నిండా ఎర్ర బురద. గెడ్డ అంచున ఒక చదునైన రాయి ఉంది, దాని మీదికి నీళ్లు పల్చగా పాకుతున్నాయి. ఆయన రెండడుగులు వేసి, ఆ రాయి మీద కాలు పెట్టి బూటు కడుక్కోబోయాడు. అంతే. రాయి పాచి పట్టి ఉంది.

సువర్చల కేక విని లచ్చన్న నన్ను సంచీతో సహా ఒడ్డున విసిరేసి నీళ్లలోకి దూకాడు. కాస్త దిగువన రెండు రాళ్ల మధ్య జగన్నాథం ఇరుక్కున్నాడు. పైకి లాక్కొచ్చేసరికి ఆయన కుడి తొడ ఉండాల్సినట్టు లేదు. వీపున ఉన్న సంచీ, అందులోని పొడి బట్టలు, ఫోను అన్నీ వాగుపాలయ్యాయి. సువర్చల ఫోనుకు ఆ లోయలో సిగ్నలు లేదు.

లచ్చన్న ఆయన్ని బండ కిందికి చేర్చి, నన్ను సంచీలోంచి తీసి ఆయన మీద నిండా కప్పాడు. "అవతలికి ఎల్లలేం. ఇటేపు తాటిగెడ్డ ఊరుంది. నానెల్లి మనుసుల్ని తెస్తాను. డోలీ కట్టి రోడ్డు కాడికి దింపీద్దాం. ఈ గొంగడి తియ్యకండమ్మా, వాన దిగదు దీంట్లో. బాబుగోర్ని నిద్దరపోనీకండి, మాటాడిస్తా ఉండండి." ఇంత చెప్పి పరుగెత్తాడు. అతను పొదల చాటుకు వెళ్లాడో లేదో, వాన మళ్లీ అందుకుంది.

గాలి ఎదురుగా కొడుతోంది. బండ కింద చోటున్నా వాన ఏటవాలుగా లోపలికే వస్తోంది. నేను నా శక్తికొద్దీ పరుచుకున్నాను. మొదటి చినుకు నా మీద పడి జారలేదు. లోపలికి దిగింది. రెండోదీ దిగింది. ఎన్ని వానాకాలాలు కాచుకున్నానో, ఎన్ని గొర్రెపిల్లల్ని పొడిగా పెట్టానో, అదంతా ఆ పూట ఎందుకూ పనికి రాలేదు. ప్రతి పోగూ నోరు తెరిచి నీళ్లు తాగింది. కాసేపటికి ఆ మనిషి మీద ఉన్నది గొంగడి కాదు, చల్లటి బరువు.

సువర్చల అది గమనించింది. నన్ను తీసి రెండు చేతులా పిండింది. ధారగా నీళ్లు కారాయి. మళ్లీ కప్పింది. మళ్లీ నానాను. మళ్లీ పిండింది. ఆమె అరచేతులు ఎర్రబడి, ఉన్ని గీరుకుని చర్మం లేచింది. అయినా ఆపలేదు. "వాన దిగదన్నాడే! దిగదన్నాడే!" అని ఏడుపు గొంతుతో నన్నే తిట్టింది. నాకు నోరుంటే తల్లీ నన్ను పిండకు, పారెయ్యి, నన్ను కప్పకపోతేనే ఆయనకు నయం అని అరిచేదాన్ని.

చివరికి తన వానకోటు విప్పి నా మీద పరిచి, తాను నా కింద దూరి ఆయన్ని వాటేసుకుని పడుకుంది. ఆయన దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"బూటు కడుక్కుందామనుకున్నాను సువర్చలా. అంతే," అన్నాడు జగన్నాథం.

"తెలుసు. మాట్లాడకండి. కాదు కాదు, మాట్లాడండి. మాట్లాడిస్తూ ఉండమన్నాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. మీ నీళ్ల ట్యాంకుల గురించి చెప్పండి. ఇన్నేళ్లూ విసుక్కున్నాను కదా, ఇప్పుడు చెప్పండి. వింటాను."

ఆయన చెప్పాడు. ఏదో చిన్న ఊళ్లో మొదటిసారి కుళాయి తిప్పిన రోజు గురించి. నీళ్లు రాకముందు గొట్టంలోంచి గాలి బుస్సుమంటూ వచ్చిందనీ, పాము అనుకుని ఆడవాళ్లు బిందెలు పారేసి పరుగెత్తారనీ. సువర్చల నవ్వింది. నవ్వు మధ్యలో ఏడ్చింది. ఆయన ఇంకో ఊరి గురించి మొదలుపెట్టాడు. ఆ ఊరి పేరు గుర్తు రాలేదు. పేరు వెతుక్కుంటూ ఆగిపోయాడు.

"ఏమండీ! ఏ ఊరండీ? కోవూరా? కొవ్వూరా? చెప్పండీ!"

"నిన్న... ఆ వాసన పోయింది," అన్నాడు ఆయన. ముక్కు నా అంచుకు ఆనింది. "సబ్బు వాసన వస్తోంది. అనకుండా ఉండాల్సింది. ఆ గొర్రె వాసనే... వెచ్చగా ఉండేది."

ఆ మాటతో నా లోపల ఏమైందో చెప్పలేను. సువర్చలకు అది పలవరింత అనిపించింది. ఆమె ఆయన వీపు రుద్దుతూ, చెవిలో ఊదుతూ, తిడుతూ, బతిమాలుతూ గడిపింది. "నేనే లాక్కొచ్చాను. ఇంట్లో కాళ్లు చాపుకుని పేపరు చదువుకునే మనిషిని నేనే లాక్కొచ్చి ఈ బండ కింద పడేశాను. మీరు లేవండి. లేచి నన్ను తిట్టండి. ఒక్కసారైనా తిట్టండి," అంది. ఆయన ఎప్పుడూ తిట్టిన మనిషి కాడు. అప్పుడూ తిట్టలేదు.

మధ్యాహ్నం వాలాక లచ్చన్న నలుగురితో వచ్చాడు. అందులో పెద్దవాడు కిల్లో సుక్రు. అరవై దాటిన మనిషి, భుజం మీద ఏళ్ల తరబడి మోతలు మోసిన కాయ. వెదురు గడ, తాళ్లు తెచ్చారు. నన్ను ఎత్తగానే లచ్చన్న ముఖం వెలవెలబోయింది. "ఇన్నేళ్లు దీన్నేసుకుని వానలో తిరిగేను. ఒక్క సుక్క దిగనేదు. ఈ దినం ఏటైపోనాదో!" అన్నాడు. దానికి బదులు చెప్పగలిగింది ఒక్కదాన్నే, నేను మూగదాన్ని.

నన్ను గట్టిగా పిండి, నాలుగు కొసలూ గడకు ముడివేసి ఉయ్యాలలా కట్టారు. ఆయన్ని అందులో పడుకోబెట్టారు. "తల ముందలికెట్టండ్రా," అన్నాడు సుక్రు. ఎందుకని సువర్చల అడిగింది. మాట్లాడకపోతే కూలిపోయేలా ఉంది ఆమె. "పేనమున్న మనిసి దారి సూసుకుంటా పోవాల తల్లీ. అందుకు తల ముందల. దారిలో పేనం పోతే దించీసి, కాళ్లు ముందలికి తిప్పుతాం. మా పెద్దల కాడ్నుంచి కట్టడి." ఆ వెంటనే నాలుక కరుచుకుని, "బాబుగోరికేటీ కాదు," అన్నాడు. "తిప్పిన తర్వాత?" అంది ఆమె. సుక్రు వినిపించుకోనట్టు గడ భుజానికెత్తాడు. ముడులు బిగించుకుంటున్న లచ్చన్న మెల్లగా చెప్పాడు. "తిప్పితే ఇంక రోడ్డుకెల్లరమ్మా. దగ్గర్లో ఏ ఊరుంటే ఆ ఊరికి తీసుకెల్తారు."

బయల్దేరాం. అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. నీళ్ల బరువు నాది, దాని మీద ఆయనది. సబ్బు తిన్న పోగులు ముడుల దగ్గర పిట్లిపోతున్న చప్పుడు నాకొక్కదానికే వినిపిస్తోంది. తెగితే కింద లోయ. తెగకూడదు, తెగకూడదు అనుకుంటూ బిగపట్టాను. వాన ఆపలేకపోయాను, ఈ పనైనా చెయ్యాలి. సువర్చల నా మడతలోకి చెయ్యి దూర్చి ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. దారి ఇరుకైన చోట వెనక్కి తగ్గేది, వెడల్పు రాగానే మళ్లీ వచ్చి పట్టుకునేది.

కొండ నడుమన ఒక జారుడు దిగుడు ఉంది. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. దానికి కొంచెం ముందు, ఆయన వేడి పోయింది.

నేను గొంగడిని. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మనిషి వేడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. అంతదాకా సన్నగా, అరచేతిలో దాచుకున్న నిప్పులా ఆయన రొమ్ము దగ్గర కాస్త మిగిలి ఉంది. అది ఆరిపోయింది. అంతవరకూ గడ ఊగినప్పుడల్లా ఆయన ఒళ్లు తనను తాను సర్దుకునేది. ఇప్పుడు సర్దుకోవడం మానేసింది.

సుక్రు భుజానికి అది తెలిసింది. అడుగు తడబడి మళ్లీ నిలదొక్కుకున్నాడు. లచ్చన్న కేసి చూశాడు. లచ్చన్న సువర్చల కేసి చూశాడు. ఆమె ఆ దిగుడు అంచున, ఒక చేత్తో నన్ను పట్టుకుని నిలబడి ఉంది. వెనక మోస్తున్న వాడొకడు, "మావా, తిప్పాల కదా," అని గొణిగాడు. సుక్రు తల అడ్డంగా ఊపాడు. తర్వాత గొంతు పెంచి, నాలో ఉన్న మనిషితో అన్నాడు: "బాబూ, ఇక్కడ దిగుడుంది. గట్టిగా పట్టుకో."

సువర్చల చెయ్యి నాలోనే ఉంది, ఆయన వేళ్ల మధ్య. ఆ చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. ఆ వేళ్ల నుంచి బదులు రాలేదు. ఆమె నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. తర్వాత పమిట తీసేసి మామూలు గొంతుతో, "విన్నారా? దిగుడుందట. పట్టుకోండి," అంది.

అక్కడి నుంచి రోడ్డు దాకా వాళ్లు అలాగే నడిచారు. మలుపు వచ్చినప్పుడల్లా సుక్రు ఆయనకు చెప్పాడు. ఆమె ఆయనకు మళ్లీ చెప్పింది. "దాహంగా ఉందా? ఇంకెంతో లేదు. ఆస్పత్రిలో వేడివేడి కాఫీ ఇస్తారు," అంది. "బాబుగోరు కాఫీ తోటలు సూసి సంబరపడిపోనారమ్మా, మొన్న," అన్నాడు లచ్చన్న. భుజాలు మార్చుకున్న ప్రతిసారీ నన్ను నేల మీద పెట్టాల్సి వచ్చేది. ప్రతిసారీ తల ముందుంచే ఎత్తారు. నా జీవితంలో చాలా అబద్ధాలు విన్నాను. అంత మర్యాదగా చెప్పుకున్న అబద్ధం మాత్రం ఇంకొకటి వినలేదు.

తాటిగెడ్డ నుంచి కబురందుకున్న అంబులెన్సు రోడ్డు మీద నిలబడి ఉంది. అందులోంచి దిగిన మనిషి ఆయన మణికట్టు పట్టుకుని, కనురెప్ప ఎత్తి చూసి, "చాలాసేపైందమ్మా," అన్నాడు. సువర్చల తల ఊపింది. అరవలేదు. సుక్రు వైపు తిరిగింది.

"ఆ దిగుడు దగ్గరే పోయారు. నాకు తెలుసు బాబాయ్. మీకు తెలిసిందంటే తిప్పేస్తారని, ఆయన్ని ఇంటికి చేర్చలేనని భయపడ్డాను."

సుక్రు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "మాకూ తెలుసు తల్లీ. నీకు తెలిస్తే ఆ దిగుడు కాడ నువ్వు మిగలవని బయపడ్డాం."

అప్పుడు ఏడ్చింది ఆమె. తారు రోడ్డు మీద కూలబడి, కొండ మారుమోగేలా ఏడ్చింది. నలుగురు మోతగాళ్లూ, లచ్చన్నా వానలో తలలు వంచుకుని నిలబడ్డారు.

వెళ్లే ముందు సుక్రు నా ముడులు విప్పాడు. శవాన్ని మోసిన గుడ్డ కొండమీదే వదిలేయాలట, అదీ కట్టడే. సువర్చల నన్ను రెండు చేతులా పట్టుకుంది. "కట్టడి ఒకటి నా కోసం తప్పారు కదా బాబాయ్. ఇదీ తప్పండి," అంది. అంబులెన్సులో మనిషి, "తడిది ఎందుకమ్మా, చలి పట్టేస్తుంది," అన్నాడు. ఆమె వినలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. అలా నేను మళ్లీ చేతులు మారాను.

ఇప్పుడు హైదరాబాదులో, మూడో అంతస్తు ఇంట్లో, అటక మీద ఉంటున్నాను. ఇది నాకు ఆఖరి ఇల్లు. చెల్లెళ్లూ, ఇరుగుపొరుగూ వచ్చినప్పుడల్లా ఆ పాత గొంగడి పారెయ్యి అంటారు. ఆమె పారెయ్యదు. కొన్ని మధ్యాహ్నాలు నన్ను దించి, మోకాళ్ల మీద పరుచుకుని, కిటికీ దగ్గర కూర్చుంటుంది. మే నెలలో కూడా. నుదుటి మీద చెమట కారుతున్నా తియ్యదు. అరచెయ్యి నా మీద ఆనించి, "ఇంకా వెచ్చగానే ఉన్నారు," అంటుంది, ఎవరూ లేకుండా చూసుకుని.

అది ఎండ వేడి. కిటికీలోంచి పడుతున్న ఎండ. ఆ తేడా నాకు తెలుసు, తెలియకపోతే బాగుండేది. అయినా ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ నా పోగులన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కుంటాను, ఎక్కడైనా ఆయనది కాస్త మిగిలి ఉందేమోనని.